పందుల జంటవ్యాధులు – సహకార సంఘముల కర్తవ్యము

మన సంఘ సమావేశములయందు పాడిపశువులనుగూర్చియు, గొఱ్ఱెలనుగూర్చియు, కోళ్లనుగూర్చియు తఱచుగా ప్రసంగములు జరుగుచున్నవి. పందులనుగూర్చి మాటలాడుటకు మాత్రము పలువురు సంకోచింతురు. అయినను మన గ్రామములలో అనేక పేదకుటుంబములకు పందియే నిలువధనము. బిడ్డ చదువునకు రుసుము కట్టవలసివచ్చినను, ఆసుపత్రి ఖర్చు మీదపడినను వారు తోలుకొనిపోయి అమ్ముకొనునది పందినే. ఇటీవల చదువుకొన్న యువకులు సయితము సీమపందులను తెచ్చి, షెడ్లు వేసి పెంచుచున్నారు; అందులకు సంఘములనుండి అప్పులు తీసికొనుచున్నారు. అప్పిచ్చిన సంఘమునకు ఆ పంది ఆరోగ్యముతో నిమిత్తము లేదనుట చెల్లదు. కావున ఈ మాసము మేము పందులకు రెండు రోగములు జంటగా వచ్చు విధమునుగూర్చియు, ఆ విషయమున సంఘములు చేయవలసిన పనినిగూర్చియు మా యభిప్రాయమును సభ్యుల ముందుంచుచున్నాము.

మొదట మా పొరపాటొకటి చెప్పుకొనవలెను. గడచిన సంవత్సరము చలికాలపు ఆరంభమున మేమొక గ్రామమునకు పోయితిమి. అచట ఒక సభ్యుడు సంఘపు అప్పుతో సంతలో 14 పందిపిల్లలను కొని, ఆనాడే వానిని ఇంటి పందులతో ఒకే దొడ్డిలో కలిపెను. పది దినములకు పిల్లలు మేత మానినవి. దగ్గు, రొప్పు మొదలాయెను. చెవికొనలు నీలిరంగు తిరిగినవి. మేము పశువైద్యులము కాము. అయినను అడిగిన రైతును రిక్తహస్తములతో పంపుట కిష్టములేక, ఇది బాక్టీరియావలన కలిగిన ఊపిరితిత్తుల వాపని చెప్పి, మందుల దుకాణమున దొరకు సూదిమందును వేయింపుమంటిమి. చచ్చిన పిల్ల ఊపిరితిత్తిని ప్రయోగశాలకు పంపగా, పాశ్చురెల్లా యను బాక్టీరియము కలదని అచటివారును వ్రాసిరి. మా మాట నెగ్గినదని మేము లోలోన సంతసించితిమి.

సూదులు వేసిన మూడు దినములు కొంత తెఱపి కనబడెను. నాలుగవనాటినుండి మఱల చావులు మొదలాయెను. 14 పిల్లలలో మూడు మాత్రమే మిగిలినవి. ఇంటి పందులలోను రెండు చచ్చినవి. పిదప పశువైద్యాధికారి వచ్చి, రక్తమును మఱియొక పరీక్షకు పంపినప్పుడు గదా అసలు సంగతి బయటపడినది! స్వైన్ ఫీవరు అనబడు పందిజ్వరపు వైరసు వానికి ముందుగానే సోకియుండెను. మేము పట్టుకొన్నది రెండవ దొంగను. మొదటివాడు తలుపు తీసి, కావలివానిని కూల్చి, ఇంటిలో స్వేచ్ఛగా తిరుగుచుండెను. ఆ యింటి ఇల్లాలు మమ్ము నిందింపలేదు. “మందు మంచిదేగదయ్యా, మరి ఎందుకు పనిచేయలేదు?” అని మాత్రము అడిగినది. ఆనాడు మాకు ఉత్తరము తోచలేదు. తరువాత పశువైద్యులనడిగియు, గ్రంథములు చదివియు తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము.

ఇట్టి పొరపాటు మాకంటె ఎంతో గొప్పవారును చేసిరి. 1885 ప్రాంతమున అమెరికా దేశమున పందులు మందలు మందలుగా చచ్చుచుండెను. ఆ రోగమును వారు పందికలరా యనిరి. నేడు మనము పందిజ్వరమనుచున్నది అదియే. ఆ దేశపు పశుపరిశ్రమశాఖలో డేనియల్ సాల్మన్, థియోబాల్డ్ స్మిత్ అను పండితులు చచ్చిన పందులనుండి యొక బాక్టీరియమును వేఱుచేసి, ఇదియే రోగకారణమని ప్రకటించిరి. సాల్మన్ పేరిటనే ఆ జాతి బాక్టీరియాకు సాల్మొనెల్లా యను పేరు వచ్చినది. ఆ బాక్టీరియము కల్పితము కాదు. అది పందుల శరీరమున నిజముగనే యుండెను, కీడును చేయుచుండెను. కాని దానిని ఎదిరించు శక్తి కలిగించిన పందులు సయితము పొలములయందు అదే రోగముతో చచ్చెను. తుదకు 1903లో డి ష్వైనిట్జ్, డార్సెట్ అను వారు రోగియగు పంది రక్తద్రవమును బాక్టీరియా దూరలేనంత సన్నని వడపోతగుండ పంపి, ఆ వడగట్టిన ద్రవమే రోగమును పుట్టించునని చూపిరి. బాక్టీరియా కంటె చిన్నదగు వైరసే మూలకారణమని అప్పుడు తేలినది. ఇంచుమించు 18 సంవత్సరములు ఒక గొప్ప దేశము రెండవ దొంగ వెంట పరుగెత్తినదన్నమాట. మొదటివానిని గుర్తించిన పిదపనే సరియైన టీకాయు, కట్టుబాట్లును ఏర్పడినవి; 1978 నాటికి ఆ రోగము ఆ దేశమునుండి నిర్మూలమైనది. మన దేశమున మాత్రము అది ఇంకను నిలుకడగా నున్నది.

రెండవ యుదాహరణము ఇంతకంటె స్పష్టమైనది. 1918లో మనుష్యులలో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమంతట వ్యాపించి కోట్లాది ప్రాణములను హరించిన కాలముననే, అమెరికాలోని అయోవా ప్రాంతపు పందులకును అట్టి దగ్గుజ్వరమే కనబడెను. ఆ ప్రాంతమున పుట్టిన రిచర్డ్ షోప్ అను వైద్యుడు 1931లో తన పరిశోధనలను ప్రకటించెను. రోగపు పంది శ్వాసనాళములోని శ్లేష్మమును వడగట్టి, వైరసు మాత్రమే యున్న ద్రవమును ఆరోగ్యముగల పందుల ముక్కున వేయగా, వానికి కొలదిపాటి జబ్బు చేసి తగ్గినది. ఆ శ్లేష్మముననే దొరకిన హీమోఫిలసు జాతి బాక్టీరియమును మాత్రమే వేయగా, ఏమియు కాలేదు. రెండును కలిపి వేయగా, దారుణమైన అసలు రోగము వచ్చినది. సభ్యులు ఈ లెక్కను కొంచెము నిదానించి చూడవలెను. ఒకటి కొంచెము, రెండవది సున్న, రెండును కలిసినచో చావు. ఇది మామూలు కూడిక కాదు. మూలుగుచున్న నక్కపై తాటిపండు పడినట్లని మన పెద్దలు చెప్పిన సామెత ఇచట అక్షరాల నిజమైనది.

ఇట్లేల జరుగునో తెలియవలెనన్న, పంది ఊపిరితిత్తులకు కావలి ఎట్లున్నదో ముందు తెలిసికొనవలెను. గాలితోడ దుమ్మును, బాక్టీరియాయును ప్రతి నిమిషము లోనికి పోవుచునే యుండును. పంది ముక్కున, గొంతున కొన్ని బాక్టీరియా ఏ కీడును చేయక ఎల్లప్పుడు కాపురముండును. శ్వాసనాళపు గోడలకు కంటికి కనబడని సన్నని రోమములు కలవు. అవి చీపురువలె ఎడతెగక ఊగుచు, శ్లేష్మమున చిక్కిన మలినమును పైకి ఊడ్చివేయుచుండును. ఇది మొదటి కావలి. దానిని తప్పించుకొని గాలితిత్తులలోనికి దిగిన బాక్టీరియాను మ్రింగి జీర్ణముచేయుటకు అచట పెద్ద తెల్లకణములు కలవు. వీనిని భక్షకకణములందురు. మన గ్రామములలో పూర్వము తలారి రాత్రియందు వీధులు తిరిగినట్లు ఇవి ఊపిరితిత్తులలో సంచరించుచుండును. ఇది రెండవ కావలి. దొంగలెక్కువైనచో ఈ తలారి కేకవేయును; అనగా ఆ కణములు కొన్ని రసాయనద్రవ్యములను విడుచును. వానిని సైటోకైనులందురు. ఆ కేక విని రక్తమునుండి న్యూట్రోఫిలులను మఱియొక జాతి తెల్లకణములు గుంపులుగా పరుగెత్తివచ్చును. ఇక మూడవ కావలి లింఫుకణములది. అవి శత్రువును గుర్తుపట్టి, దానికే తగిన ఆయుధమును, అనగా ప్రతిరక్షకములను తయారుచేయును. కాని కొత్త శత్రువునకు ఆయుధము సిద్ధమగుటకు వారము పది దినములు పట్టును. అందాక మొదటి రెండు కావలులే ఇంటిని నిలుపవలెను.

వైరసు చేయు పని ఈ కావలులను ఒక్కొక్కటిగా పడగొట్టుటయే. ఇన్‌ఫ్లుయెంజా వైరసు మొదటి కావలిమీద పడును. రోమములుగల కణములలో చేరి పెరిగి వానిని చంపును, చీపురులు రాలిపోవును. వైరసు కొలది దినములలో పోయినను, ఆ గోడ మఱల బాగుపడువఱకు ద్వారము తెఱచియే యుండును. ముక్కున కాపురమున్న సాధు బాక్టీరియాయే అప్పుడు లోపలికి జారి శత్రువగును.

అంతకంటె కపటమైన వైరసొకటి కలదు. వైద్యులు దానిని పి.ఆర్.ఆర్.ఎస్. అందురు. ఆడపందులకు ఈడ్పుపాటు కలిగించుటయు, పిల్లలకు ఊపిరాడకుండ చేయుటయు దాని లక్షణములు. ఈ రోగము 1980ల చివర అమెరికాలోను, 1990లో జర్మనీలోను కనబడినది; 1991లో నెదర్లాండ్సు దేశపు లెలిస్టాడ్‌లో దాని వైరసును పట్టుకొనిరి. మన దేశమున 2013లో మిజోరము రాష్ట్రమున మొదట బయటపడినది. ఈ వైరసు రెండవ కావలియగు భక్షకకణములోనే కాపురము పెట్టును. తలారి యింటనే దొంగ బస చేసినట్లన్నమాట! కొన్ని కణములు చచ్చును. చావనివి సయితము బాక్టీరియాను చంపు శక్తిని చాలవఱకు కోల్పోవును. పంది ఊపిరితిత్తుల రక్తనాళములలో మఱికొన్ని భక్షకకణములు నిలిచియుండి రక్తమును శుభ్రపఱచుచుండును. వానిని కూడ ఈ వైరసు చెడగొట్టును. అందువలన రక్తమున చేరిన స్ట్రెప్టోకాకసు సూయిసు అను బాక్టీరియము అడ్డులేక కీళ్లకును మెదడునకును పోవును. కీళ్లు వాచి, కాళ్లు కొట్టుకొనుచు పిల్లలు చచ్చుటకు తఱచుగా ఇదియే కారణము.

పందిజ్వరపు వైరసు మూడవ కావలిని నాశనముచేయును. జ్వరము తీవ్రమగునప్పటికే రక్తమున తెల్లకణములు, ముఖ్యముగా లింఫుకణములు, పడిపోవును. సర్కోవైరసు అను మఱియొక చిన్న వైరసును లింఫుకణములను తగ్గించునదే. ఆయుధములు చేయువారే లేనప్పుడు ఏ బాక్టీరియము వచ్చినను రాజ్యమేలును. మేము చూచిన 14 పిల్లల విషయమున జరిగినది ఇదియే. మందు కొన్ని బాక్టీరియాను చంపినది. మిగిలినవానిని చంపవలసిన తెల్లకణములు రక్తమున లేవు.

ఇంకొక చిత్రము కలదు. కావలివారు బలహీనులగుట యొక్కటే కాదు, ఒక్కొక్కప్పుడు వారే మితిమీఱి ఇంటిని తగులబెట్టుదురు. బెల్జియము దేశమున గెంట్ విశ్వవిద్యాలయపు పండితులు 2000వ సంవత్సరమున ప్రకటించిన ప్రయోగమొకటి ఇందుకు నిదర్శనము. వారు పందులకు శ్వాసవ్యాధి కలిగించు ఒక కరోనావైరసును ఇచ్చి, మఱునాడు బాక్టీరియాపై పొరలోనుండు విషద్రవ్యమును మాత్రమే ఊపిరితిత్తులలో వేసిరి. ప్రాణముగల బాక్టీరియము ఒక్కటియు లేదు. వైరసు విడిగా, విషము విడిగా ఇచ్చిన పందులకు బాధ స్వల్పము. రెండును పొందిన పందులు తీవ్రముగా రొప్పినవి. వాని ఊపిరితిత్తులలో తలారికేకలగు సైటోకైనులు, విడివిడిగా ఇచ్చినవానికంటె ఎన్నో రెట్లు హెచ్చినవి. వైరసువలన ఉద్రిక్తమైయున్న కణములు బాక్టీరియా వాసనకే మితిమీఱి మండిపడి, గాలితిత్తులను నీటితోను చీముతోను నింపివేసినవని దీని భావము. కంచే చేను మేసినట్లాయెను.

వైరసే ఎల్లప్పుడు ముందు వచ్చుననియు అనుకొనరాదు. మైకోప్లాస్మా యను అల్పమైన బాక్టీరియము ముందుగా చేరి, శ్వాసనాళపు రోమములను చెఱచి, ఎండుదగ్గు కలిగించును. అట్టి పందులకు పిదప పి.ఆర్.ఆర్.ఎస్. సోకినచో ఆ వాపు చాలకాలము తగ్గక హెచ్చుగా నుండునని 1999లో అయోవా పండితులు చూపిరి. కావున ఎవరు ముందు, ఎవరు వెనుక అనుటకంటె, ఇద్దరును ఒకరికొకరు తోడ్పడుదురని గ్రహించుట ముఖ్యము.

ఇక మన గ్రామములలో వినవచ్చు మూడు వాదములను విచారింతము.

మొదటిది, “సూదిమందు చాలును” అనునది. యాంటీబయాటికులు బాక్టీరియాను చంపును, వైరసును తాకవు. పశువైద్యుడు చూచి, రెండవ దొంగను అణచుటకు తగిన మందును తగిన దినములు ఇచ్చుట మంచిదే. దానిని మేము కాదనము. కాని దగ్గిన ప్రతి పందికి దుకాణదారు సలహామీద సూది పొడుచుటయు, రోగము లేకున్నను మేతలో కలిపి పెట్టుటయు వేఱు సంగతి. ఆ మందులకు లొంగని బాక్టీరియా అచటనే పుట్టి పెరుగును. అవి పందిదొడ్డిలోనే ఆగవు. మనుష్యులకు తుదియాశ్రయముగా వైద్యులు దాచియుంచుకొన్న కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని 2019లో కేంద్రప్రభుత్వము నిషేధించినది ఇందుకే. ఈనాడు పందికి వృథాచేసిన మందు రేపు మన బిడ్డకు పనిచేయకపోవచ్చును.

రెండవది, “టీకా వేయించితిమి, అయినను చచ్చెను, టీకా బూటకము” అనునది. ఈ మాట చెప్పువారి దుఃఖము నిజమైనది గనుక దీనికి ఓపికతో ఉత్తరము చెప్పవలెను. పందిపిల్ల తల్లికడుపున నుండగా తల్లి ప్రతిరక్షకములు దానికి చేరవు. పుట్టిన మొదటి దినమున త్రాగు ముఱ్ఱుపాల ద్వారానే చేరును. ఆ పాలు చాలినంత త్రాగని పిల్లకు తొలివారములలో రక్షణ లేదు. పాలు బాగుగా త్రాగినదానికి మఱి చిన్నవయస్సుననే టీకా వేసినచో, తల్లి యిచ్చిన ప్రతిరక్షకములే ఆ టీకాను చంపివేయును. కావున వేళ తెలిసి వేయవలెను. టీకా మందు ప్రాణముతోనున్న వైరసు. సంచిలో వేసి ఎండలో ఊరూరు త్రిప్పినచో అది చచ్చి నీళ్లతో సమానమగును. అదిగాక, పి.ఆర్.ఆర్.ఎస్. సోకియున్న పందులలో పందిజ్వరపు టీకా సరిగా పట్టదని పరిశోధనలవలన తెలియుచున్నది. ఆయుధములు చేయు కణములు అప్పటికే చిక్కులోనుండును గదా! రోగము ఊరిలో ప్రవేశించిన పిదప పరుగెత్తి వేయించు టీకా, దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్టిది. తప్పు టీకాది కాదు, వేళదియు, నిలువదియు.

పూర్వము పందిజ్వరపు టీకాను కుందేళ్ల ప్లీహమునుండి తీయుచుండిరి. ఒక్కొక్క కుందేటినుండి కొలదిపాటి మోతాదులే వచ్చుటచే మందునకు ఎల్లప్పుడు కొఱతగా నుండెను. ఇజ్జత్‌నగరులోని భారతీయ పశువైద్య పరిశోధనా సంస్థవారు గాజుపాత్రలలో పెంచిన కణములనుండి తయారగు కొత్త టీకాను రూపొందింపగా, 2020లో అది విడుదలయైనది. మందే లేదను సాకు ఇక చెల్లదు.

మూడవది, “నా పంది నా యిష్టము” అనునది. పొలమునకు గట్టు కలదు. గాలికిని వైరసుకును గట్టు లేదు. ఒకరు టీకా వేయించి, పొరుగువారు వేయింపనిచో, రోగము పొరుగింట పెరిగి వీధిన పడును. వీధులలో తిరుగు పందులకు ఇల్లేది, సరిహద్దేది? 2020లో ఆఫ్రికా పందిజ్వరము అస్సాము, అరుణాచల ప్రదేశములలో మొదట కనబడి, పిదప పెక్కు రాష్ట్రములకు ప్రాకినది. ఇది మనము చెప్పుచున్న పందిజ్వరము కాదు, వేఱు వైరసు. అదియు భక్షకకణములలోనే పెరుగును. దానికి మన రైతునకు అందుబాటులో టీకా లేదు. సంత, లారీ, కసాయికత్తి, ఎంగిలికూడు ఇవియే దాని వాహనములు. వీనిని అదుపుచేయుట ఒక్కని చేత కాదు. ఊరి చేత మాత్రమే యగును. ఊరందరు కలిసి చేయవలసిన పనికే గదా సహకార సంఘములు పుట్టినవి!

కావున సంఘములు ఈ క్రింది కట్టుబాట్లను చేసికొనవలెనని మా దృఢాభిప్రాయము. పందులకై యిచ్చు ప్రతి అప్పుపత్రమున, కొన్న పందులను ముప్పది దినములు వేఱు దొడ్డిలో నుంచి, వేఱు బాల్చీతో మేతవేసి, ఆరోగ్యము చూచిన పిదపనే పాతవానిలో కలుపవలెనను షరతు నుండవలెను. ఆ వేఱు దొడ్డికగు వ్యయమును అప్పులోనే చేర్చి యీయవలెను. షరతు పెట్టి సొమ్మీయకుండుట న్యాయము కాదు. పశువైద్యాధికారితో మాటలాడి, మంచుపెట్టె సంఘమే సమకూర్చి, ఊరి పందులన్నిటికి ఒక్క దినముననే టీకా వేయింపవలెను. హోటళ్ల ఎంగిలికూటిని ఒక గంటసేపు మరుగబెట్టిగాని పెట్టరాదు. చచ్చినదానిని కాలువలో పాఱవేయక, మాంసమునకు అమ్మక, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. పంది దేహపు వేడి సాధారణముగా 102 డిగ్రీలు. అది 105 దాటి, ఒకటికంటె ఎక్కువ పందులు మేత మానినచో, అప్పుడే వైద్యునకు తెలుపవలెను. 2009లో కేంద్రము చేసిన పశువుల అంటువ్యాధుల చట్టము ప్రకారము పందిజ్వరమును తెలియజేయుట యజమాని విధి, దాచుట నేరము. నమూనా పంపునప్పుడు, బాక్టీరియమును మాత్రమే గాక వైరసును కూడ పరీక్షింపుడని వ్రాసి అడుగవలెను. ఆ యొక్క వాక్యము వ్రాయకుండుటవలన మేమెంత నష్టము చేసితిమో పైన చెప్పితిమి.

ఇందులకు ఒక సభ్యుడు మమ్మిట్లు ప్రశ్నించెను: “వీధిపందులవారిలో సగముమంది మన సభ్యులు కారు, వాటాధనము కట్టలేదు. వారి టీకాకు మన లాభములోని సొమ్ము ఏల?” ప్రశ్న న్యాయముగనే తోచును. కాని సభ్యుని షెడ్డునకు నిప్పు అంటుకొనునది పక్కనున్న పాకనుండియే. పాకవాడు సభ్యుడా కాడా యని నిప్పు అడుగదు. వారి పందులకు వేయించు టీకా దానము కాదు; మన అప్పుసొమ్మునకు మనము వేసికొను కంచె. అదిగాక, ఊరి చెత్తను వారి పందులచేత శుభ్రముచేయించుకొని, వారి పేరు చెప్పి ముక్కు మూసికొనుట మనకు గౌరవము కాదు. టీకా దినమున వారిని పిలుచునప్పుడే వాటాదారులుగా చేరుడని కూడ పిలువవలెను. అప్పుడు పై ప్రశ్నయే యుండదు.

మనుష్యులకు సంబంధించిన మాటయు ఒకటి కలదు. పైన చెప్పిన స్ట్రెప్టోకాకసు సూయిసు మనుష్యులకును సోకును. 2005లో చీనా దేశపు సిచువాన్ రాష్ట్రమున రోగపు పందులను కోసినవారికి, ఆ మాంసమును ముట్టినవారికి ఇది సోకి, 215 మంది జబ్బుపడగా 38 మంది మరణించిరి. బ్రదికినవారిలోను కొందఱికి చెవుడు మిగులుట ఈ రోగపు లక్షణము. చేతిమీద గాయముండగా పందిని కోయరాదు. రోగముతో పడిన పందిని అసలే కోయరాదు. నష్టము కొంత తగ్గించుకొందమను ఆశతో ప్రాణము మీదికి తెచ్చికొనుట తగదు.

ఆ యిల్లాలి ప్రశ్నకు ఇప్పుడు మాకు ఉత్తరము దొరకినది. అమ్మా, మందు మంచిదే. అది తన పని చేసినది. కాని దానికి తోడుగా పోరాడవలసిన రక్తములోని కణములను వైరసు ముందే కూల్చినది. ఆ వైరసునకు అడ్డుగా టీకా వేయవలసినది నెల ముందు; పిల్లలను వేఱుగా నుంచవలసినది సంతనుండి వచ్చిననాడు. ఆ రెండును చెప్పవలసినవారము మేము. అడుగవలసినది అప్పిచ్చిన సంఘము. మీరొక్కరే చేసిన తప్పు కాదు.

ఆ కుటుంబపు అప్పు ఇంకను సంఘపు పుస్తకములలో నున్నది. వాయిదా మీఱినదని తాకీదును పోయినది. తప్పులో మాకును సంఘమునకును పాలున్నప్పుడు, భారమంతయు వారిమీదనే మోపుట ధర్మము కాదని మేము తలంచుచున్నాము. వాయిదాను పొడిగించి, పందిపిల్లలకై మఱల చిన్న యప్పు ఇచ్చి, ఈసారి పైన చెప్పిన షరతులతో నడిపింపవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము రానున్నది. సభ్యులు దానిని బలపఱతురని ఆశించుచున్నాము. ఆ దినమున టీకా కట్టుబాటును కూడ తీర్మానించినచో, మేము మంచుపెట్టెను మోసికొని ప్రతి దొడ్డికి పశువైద్యుని వెంట వచ్చుటకు సిద్ధముగా నున్నాము.